కర్నూలులో ఇంటి మీద పెట్టుబడి: ఇంటి తీరును బట్టి విలువ ఎలా మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, కల్లూరు, చుట్టుపక్కల కాలనీల్లో ఇల్లు కొని బాడుగకు ఇవ్వాలనో, కొన్నేళ్లకు అమ్ముకోవాలనో చూసేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. లెక్కల్లో వాడిన ధరలు లెక్క చూపించడానికి మాత్రమే. మీ వీధి ధర మీరే కనుక్కుని ఆ చోట వేసుకోండి.

ఇంటి తీరు వల్ల నిజంగా ధర మారుతుందా? అంతా స్థలం విలువే కదా?

ఎక్కువ భాగం స్థలం విలువే. స్థలం విలువ పెరుగుతూ పోతుంది, దాని మీది కట్టడం విలువ ఏటా తరుగుతుంది. పదేళ్లలో ఇంటి ధర రెట్టింపైందని ఎవరైనా అంటే పెరిగింది గోడలు కాదు, గోడల కింది సెంట్లు.

అలాగని తీరును పక్కన పెట్టేయలేం. ఆ ఇంటిని ఎంతమంది కొనాలనుకుంటారు, నెలకు ఎంత బాడుగ వస్తుంది, బ్యాంకు దాని మీద ఎంత అప్పు ఇస్తుంది అనే మూడూ ఇంటి తీరు మీదే ఆధారపడతాయి. ఒకే వీధిలో ఒకే కొలత ఉన్న రెండు ఇళ్లలో ఒకటి నెలలో అమ్ముడుపోయి, ఇంకొకటి రెండేళ్లు బేరానికి పడి ఉంటే కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఆ రెండేళ్ల వడ్డీ, ఆగలేక తగ్గించుకున్న ధర కలిపి చూస్తే తీరు విలువ తెలుస్తుంది.

పాత ఇంటి విలువ నేనే అంచనా వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. బ్యాంకు పంపే వాల్యుయేషన్ ఇంజనీరు చేసే లెక్క కూడా దాదాపు ఇదే. ముందు స్థలం. ఒక సెంటు 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. అదే వీధిలోనో పక్క వీధిలోనో గత ఏడాది లోపల నిజంగా రిజిస్టరైన ఖాళీ స్థలం ధర కనుక్కోండి. అమ్మేవాళ్లు అడుగుతున్న ధర లెక్కలోకి రాదు.

తర్వాత కట్టడం. ఉదాహరణకు 1,500 చదరపు అడుగుల పిల్లర్ల ఇల్లు, కట్టి 20 ఏళ్లు. ఇప్పుడు కొత్తగా కడితే చదరపు అడుగుకు రూ.1,800 అనుకుంటే మొత్తం రూ.27 లక్షలు. ఆర్‌సీసీ (ఇనుము వేసిన కాంక్రీటు) ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు, చివరికి 10 శాతం విలువ మిగులుతుందని తీసుకుంటారు. అంటే ఏడాదికి 1.5 శాతం తరుగు. 20 ఏళ్లకు 30 శాతం, రూ.8.1 లక్షలు. మిగిలేది రూ.18.9 లక్షలు. దీనికి స్థలం విలువ కలపండి. స్లాబు పెచ్చులూడుతున్నా, ఇనుము బయటపడి తుప్పు కనిపిస్తున్నా ఈ లెక్క వర్తించదు, ఇంకా తగ్గించాలి.

ఇంటి వయసు విషయంలో అమ్మేవారి మాట ఒక్కటే ఆధారం కాకూడదు. కరెంటు సర్వీసు ఇచ్చిన తేదీ, మున్సిపల్ పన్ను మొదట వేసిన ఏడాది, ప్లాన్ మంజూరు తేదీ చూడండి. మూడూ దగ్గరదగ్గరగా ఉంటే వయసు నిజం. పై అంతస్తు తర్వాత కట్టి ఉంటే దాన్ని వేరుగా లెక్కించాలి.

పాతబస్తీలో మట్టి మిద్దె చవగ్గా వస్తోంది. కొనవచ్చా?

స్థలం కోసం కొనవచ్చు. మిద్దెకు డబ్బు కట్టి కొనకండి.

రాతి గోడలు, మట్టి అడుసు, దూలాలు, దంతెలు, వాటి మీద బండలు, పైన మందంగా మట్టి, చౌడు. మన ఎండలకు ఈ కట్టడం లోపల చల్లగా ఉంచుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఏటా వానలకు ముందు పైకప్పు చూసుకోవాలి. చూసుకోని ఇంట్లో నీరు మట్టిలోకి దిగి కప్పు బరువు పెరుగుతుంది. దూలం కొన గోడలో కూర్చున్న చోట చెద, కుళ్లు మొదలవుతాయి. మూడు రోజుల ముసురుకు గోడలు కూలేది అందుకే. దూలం కొనల దగ్గర స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. అంగుళం సులువుగా దిగితే ఆ గదిలో మనుషుల్ని ఉంచకూడదు.

బ్యాంకులు ఇలాంటి కట్టడానికి దాదాపు విలువ కట్టవు, కాబట్టి కొనేవాడు చేతి డబ్బుతో కొనాలి. కొనేవాళ్లు తగ్గేది అందువల్లే, మీకు బేరం దొరికేదీ అందువల్లే. ఈ లెక్కతో బేరమాడండి: స్థలం ధర, అందులోంచి కూల్చి మట్టి ఎత్తిపోసే ఖర్చు తీసేయాలి, పాత టేకు దూలాలు, గుమ్మాలు, బండలు అమ్మితే వచ్చేది కలపాలి. పాత టేకుకు ఇప్పటికీ మంచి గిరాకీ ఉంది. కూల్చే కాంట్రాక్టుతో కలిపి ఇచ్చేయకుండా దాన్ని వేరుగా అమ్ముకోండి.

చాలామంది లెక్కలో మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి సందు వెడల్పు. లారీ రాని సందులో ఇసుక, కంకర, ఇటుక వీధి మొదట్లో దింపి చిన్న ఆటోలోనో తలమీదో మోయించాలి. కాంక్రీటు బండి రాదు. కట్టుబడి ఖర్చు పెరుగుతుంది. కొత్త ప్లాన్‌కు వెళ్తే రోడ్డు విస్తరణ కింద ముందు భాగం వదలాల్సి రావచ్చు. రెండున్నర సెంట్ల ఇంట్లో మూడడుగులు పోతే ఒక గది పోయినట్టే. రెండోది ఉమ్మడి గోడ. పక్కింటి దూలాలు మీ గోడ మీద కూర్చుని ఉంటే మీ ఇల్లు కూల్చడం మీ చేతిలో లేదు. ఆ గోడ ఎవరిది, ఎవరెంత వదలాలి అన్నది రిజిస్ట్రేషన్‌కు ముందే పక్కింటివాళ్లతో రాతపూర్వకంగా తేల్చుకోండి.

బండల కప్పు, మద్రాసు టెర్రస్ ఇళ్ల సంగతి?

మట్టి మిద్దె కంటే మేలు, స్లాబు కంటే తక్కువ. రిజిస్ట్రేషన్ శాఖ కూడా కట్టడం విలువను కప్పు రకాన్ని బట్టి వేరువేరుగా కడుతుంది. బేతంచెర్ల బండలతో వేసిన కప్పు దశాబ్దాలు నిలుస్తుంది. అయితే గోడలే బరువు మోస్తాయి, ఆ కప్పు మీద ఇంకో అంతస్తు వేయడం సాధారణంగా కుదరదు. పెట్టుబడికి కొనేవాడికి అసలు నష్టం అదే. పెరిగే వీలున్న ఇంటికే ఎక్కువ ధర పలుకుతుంది.

డూప్లెక్స్ మంచిదా, కింద ఒకటి పైన ఒకటి పోర్షన్లు మంచివా?

మీరే ఉండటానికైతే మీ ఇష్టం. పెట్టుబడికైతే పోర్షన్లు. తేడా అంతా మెట్ల దగ్గరే ఉంది. మెట్లు ఇంటి లోపల ఉంటే ఇల్లంతా ఒకే కుటుంబానికి ఇవ్వాలి. బయట ఉంటే రెండు బాడుగలు వస్తాయి, ఒకటి ఖాళీ అయినా ఇంకోటి వస్తూనే ఉంటుంది.

రూ.60 లక్షల ఇల్లు, రిజిస్ట్రేషన్ రూ.4.5 లక్షలు, చిన్న రిపేర్లు రూ.50 వేలు. మొత్తం రూ.65 లక్షలు పెట్టారనుకుందాం. రెండు పోర్షన్లకు రూ.9,000, రూ.8,000 వస్తే నెలకు రూ.17,000. ఏడాదికి 11 నెలలే వస్తుందని లెక్కేయండి, ఒక నెల ఖాళీకి పోతుంది. రూ.1,87,000. ఇంటి పన్ను, సున్నం, మోటారు రిపేర్లు రూ.27,000 తీస్తే రూ.1,60,000. పెట్టుబడి మీద 2.46 శాతం. ఇదే ధరకు డూప్లెక్స్ కొని రూ.13,000 బాడుగ వస్తే, అదే ఖర్చులు తీసి మిగిలేది రూ.1,16,000, అంటే 1.78 శాతం. పైగా అంత పెద్ద ఇల్లు బాడుగకు తీసుకునే కుటుంబాలు మన ఊళ్లో తక్కువ. ఖాళీగా ఉండే నెలలు పెరుగుతాయి.

ఈ రెండు శాతాలూ బ్యాంకు డిపాజిట్ వడ్డీ కంటే తక్కువేనని గమనించే ఉంటారు. ఇంటి పెట్టుబడిలో మిగిలేది స్థలం పెరుగుదల వల్ల, బాడుగ వల్ల కాదు. అందుకే బాడుగ కోసమే అప్పు చేసి ఇల్లు కొనడాన్ని మేము సమర్థించం. వాయిదాలో సగం కూడా బాడుగతో తీరదు.

పోర్షన్ల ఇల్లు కొనేటప్పుడు చూడాల్సినవి: ఒక్కో పోర్షన్‌కు వేరు కరెంటు మీటరు, వేరు నీటి ట్యాంకు, ఎవరి బాత్‌రూమ్ వాళ్లకు లోపలే ఉండటం, పైవాళ్లు కిందివాళ్ల వాకిలి ముందు నుంచి పోకుండా గేటు దగ్గరే మెట్లెక్కే వీలు. మీటరు ఒక్కటే ఉన్న ఇంట్లో ప్రతి నెలా బిల్లు పంపకంలో గొడవే, మంచి బాడుగదారు ఆ కారణంతోనే ఖాళీ చేసిపోతాడు. లోపలి మెట్లను బయటికి మార్చవచ్చు అని అమ్మేవారు అంటే టేపు పట్టండి. మెట్లకు కనీసం మూడడుగుల వెడల్పు కావాలి. ఆ జాగా పక్క సెట్‌బ్యాక్‌లోంచి (ప్లాన్ ప్రకారం వదలాల్సిన ఖాళీలోంచి) తీస్తే ప్లాన్‌కు విరుద్ధమవుతుంది.

అపార్ట్‌మెంట్ ఫ్లాటు విలువ ఇంటిలాగే పెరుగుతుందా?

అంతగా పెరగదు. కారణం ఫ్లాటు కింద మీకు వచ్చే స్థలం వాటా. 1,000 గజాల్లో 20 ఫ్లాట్లు కడితే ఒక్కో ఫ్లాటుకు సగటున 50 గజాలు, అంటే సెంటుకు కాస్త ఎక్కువ. అదే 1,000 గజాల్లో 30 ఫ్లాట్లు ఉంటే 33 గజాలే. పెరిగేది ఆ ముక్క విలువే, మిగతాదంతా తరిగే కట్టడం. అందుకే ఫ్లాటు చూసేటప్పుడు హాలు సైజు కంటే ముందు డాక్యుమెంటులో అవిభాజ్య వాటా (స్థలంలో మీ భాగం) ఎన్ని గజాలో చూడండి. ధరను ఆ గజాలతో భాగిస్తే రెండు ఫ్లాట్లను పోల్చడం సులువు.

చదరపు అడుగుల విషయంలో కూడా జాగ్రత్త. బిల్డరు చెప్పే 1,200లో మెట్లు, లిఫ్టు, వరండా వాటా కలిసి ఉంటాయి. లోపల గోడల మధ్య కొలిస్తే 900 దగ్గర తేలడం మామూలే. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియానే, అంటే లోపలి కొలతనే చెప్పాలి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లకు మించి గానీ కడితే ప్రాజెక్టుకు రెరా నమోదు తప్పనిసరి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అప్పగించిన తర్వాత అయిదేళ్ల లోపల కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సరిచేయాలి.

చిన్న టౌనులో అపార్ట్‌మెంట్‌కు ఉన్న ఇంకో చిక్కు నిర్వహణ. సంఘం లేని అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఆగితే మూడో అంతస్తు పైన బాడుగ పడిపోతుంది. కొనేముందు సంఘం ఖాతాలో ఎంత నిల్వ ఉంది, ఎంతమంది బకాయి ఉన్నారు అని అడగండి. సమాధానం రాకపోతే వేరే అపార్ట్‌మెంట్ చూసుకోండి.

ముందు ఎలివేషన్‌కు (ముఖభాగం అలంకరణకు) అయిదారు లక్షలు పెడితే అమ్మేటప్పుడు తిరిగి వస్తాయా?

పూర్తిగా రావు. వాల్యుయేషన్ ఇంజనీరు కట్టిన చదరపు అడుగులే లెక్కేస్తాడు, ముందున్న గాజు, పలకల డిజైన్లకు విడిగా విలువ కట్టడు. కొనేవాడికి మొదటి చూపులో నచ్చడం వరకే అది పనికొస్తుంది. పడమటి వైపు పెద్ద గాజు పెడితే మే నెలలో ఆ గది వాడలేరు. చెక్కలా కనిపించే పలకలు మన ఎండకు కొన్నేళ్లలోనే వెలిసిపోతాయి. సరిగా అతికించని ఎలివేషన్ టైల్స్ ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించి ఊడిపడతాయి. అయిదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు అదే ముఖభాగం పాతబడిన ఫ్యాషన్‌గా కనిపిస్తుంది.

అదే డబ్బుతో చేయదగినవి వేరే ఉన్నాయి. కిటికీల పైన రెండడుగుల సన్‌షేడ్లు, కారు పట్టే పోర్టికో, పెద్ద సంపు, మిద్దె మీద తెల్లటి కూల్ టైల్స్, వంటింట్లో గ్రానైట్ గట్టు, పక్కన గిన్నెలు తోమే చోటు. మన దగ్గర ఇల్లు చూడటానికి వచ్చే ఆడవాళ్లు ముందు వంటింటికే వెళ్తారు. బేరం అక్కడే సగం తేలుతుంది.

పై అంతస్తు బాడుగ ఎప్పుడూ తక్కువే వస్తోంది. ఎందుకు?

ఎండ. స్లాబు పగలంతా కాలి రాత్రి పదింటి దాకా వేడి వదులుతుంది. కింది పోర్షన్ బాడుగ కంటే కొంత తగ్గించి ఇస్తేనే పైకి మనుషులు వస్తారు. తెల్లటి కూల్ పెయింటు వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది గానీ దుమ్ము పట్టి రెండు మూడేళ్లలో మళ్లీ వేయాల్సి వస్తుంది. టైల్స్‌కు ఖర్చు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువ. వేసేముందు స్లాబుకు వాన నీరు పోయే వాలు సరిచూసుకోండి. నీరు నిలిచే చోట టైల్ కింద తడి చేరి పెచ్చులూడతాయి. అక్కడ మొత్తం పీకి మళ్లీ చేయాల్సి వస్తుంది.

వాస్తు నమ్మను. దక్షిణం వాకిలి ఇల్లు తక్కువకు వస్తే తీసుకోనా?

మీరు నమ్మకపోయినా మీ దగ్గర కొనేవాడు నమ్ముతాడు. తూర్పు, ఉత్తరం వాకిలి స్థలాలకు గిరాకీ ఎక్కువ, దక్షిణానికి తక్కువ. తక్కువకు కొన్నది తక్కువకే అమ్ముడుపోతుంది కాబట్టి ఆ తగ్గింపును లాభంగా లెక్కేసుకోకండి. బాడుగకు ఇచ్చి చాలాకాలం అట్టిపెట్టుకునే ఉద్దేశం ఉంటే మాత్రం దక్షిణం వాకిలి ఇల్లు మంచి బేరమే. తక్కువ పెట్టుబడికి దాదాపు అదే బాడుగ వస్తుంది.

దిక్కు కంటే గట్టి అడ్డంకులు వేరే ఉన్నాయి. ఈశాన్యం తెగిన స్థలం, నైరుతి వైపు వీధిపోటు, ఈశాన్యంలో మరుగుదొడ్డి. ఇవి ఉన్న ఇంటికి కొనేవాళ్లు ఇంట్లో పెద్దల్ని తీసుకొచ్చిన రోజే బేరం తప్పిపోతుంది. మరుగుదొడ్డిని మార్చుకోవచ్చు, తెగిన మూలను మార్చలేం. ఈశాన్య వీధిపోటును మంచిదిగా చూస్తారు, దానికి భయపడనక్కర్లేదు.

గోడల్లో పగుళ్లున్నాయి. సున్నం వేస్తే పోతాయంటున్నారు. నిజమేనా?

పగులు రకాన్ని బట్టి. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకల్లా అల్లుకున్న గీతలైతే భయం లేదు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయేవి, గోడకు రెండు వైపులా కనిపించేవి, రూపాయి బిళ్ల దూరేంత వెడల్పున్నవి పునాది కదలికకు గుర్తులు.

కర్నూలు చుట్టుపక్కల నల్లరేగడి చాలాచోట్ల ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుకుంటుంది. ఆ మట్టి మీదే నిలబెట్టిన పునాది ఏటా లేచి దిగుతుంది. నల్లమట్టి దాటి గట్టి మొరం లేదా బండ తగిలే దాకా గుంతలు తీసి, పిల్లర్లన్నింటినీ ప్లింత్ బీముతో (నేల మట్టం దగ్గరి కాంక్రీటు దూలంతో) కట్టేసి, లోపల నల్లమట్టి తీసి మొరంతో ఫిల్లింగ్ చేసి ఉంటే ఆ ఇంటికి ఈ బెడద ఉండదు. అమ్మేవారు అలా కట్టామంటే, కట్టేటప్పుడు తీసిన ఫొటోలు అడగండి. ఇంటి చుట్టూ సిమెంటు గచ్చు ఉందా, బాత్‌రూమ్ నీరు పునాది పక్కనే ఇంకుతోందా చూడండి. ఒక మూల మాత్రమే తడిస్తే ఆ మూలే ఉబ్బుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది.

అనుమానం ఉంటే పగులు మీద అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, దాని మీద తేదీ రాయించండి. ఒక వానాకాలం దాటాక పూత చిట్లితే పగులు ఇంకా కదులుతున్నట్టు. అంత కాలం ఆగే వీలు లేకపోతే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి. కొత్తగా సున్నం వేసిన ఇంటిని ఇంకా జాగ్రత్తగా చూడాలి, బీరువా వెనక, మెట్ల కింద.

2009 వరద వచ్చిన ప్రాంతంలో ఇల్లు కొనవచ్చా?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పాత నగరం చాలా భాగం మునిగింది. ఆ వీధుల్లో అప్పుడు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో ఇరుగుపొరుగు ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ముగ్గురిని వేరువేరుగా అడగండి. ఆ ప్రాంతాల్లో ఇళ్లు కొంటున్నారు, అమ్ముతున్నారు, అందులో తప్పు లేదు. కానీ ఆ సంగతి ధరలో కనిపించాలి. కింద పార్కింగు వదిలి పైన కాపురం పెట్టే తీరుకు అక్కడ విలువ ఎక్కువ. మట్టి అడుసుతో కట్టిన గోడలు నిలిచిన నీటిలో మెత్తబడతాయి కాబట్టి అప్పుడు మునిగి ఇప్పటికీ నిలబడి ఉన్న మట్టి మిద్దెను కట్టడంగా లెక్కించకండి.

ఈ విచారణ కర్నూలుకే పరిమితం కాదు. కడపలో 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి కాలనీలు మునిగాయి. వానలే తక్కువనుకునే అనంతపురంలో 2022 అక్టోబరులో కాలనీల్లోకి వరద వచ్చింది. వంక పక్కన చవగ్గా వచ్చే ప్లాటు ఎందుకు చవకో అక్కడ తెలుస్తుంది.

వరద లేకపోయినా చూడాల్సింది రోడ్డు ఎత్తు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ రోడ్డు వేస్తూ పోతే ఒకప్పుడు మూడడుగుల ఎత్తున్న గడప రోడ్డుకు సమానమవుతుంది. వాన నీరు, డ్రైనేజీ నీరు లోపలికి వస్తాయి. అలాంటి ఇంటికి నేల ఎత్తు పెంచితే గది ఎత్తు తగ్గుతుంది, తలుపులు కోయాలి, కిటికీలు కిందికి వచ్చేస్తాయి. గడప రోడ్డు కంటే కనీసం రెండడుగుల పైన ఉన్న ఇల్లు చూసుకోండి.

నీళ్ల సంగతి విలువను మారుస్తుందా?

మారుస్తుంది. ఇల్లు చూడటానికి ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. మోటారు ఆపకుండా గంట వేయించి నీటి ధార సన్నబడుతుందా, మట్టి వస్తుందా చూడండి. నవంబరులో ప్రతి బోరూ పోస్తుంది. పాత ఇంట్లో ఇనుప పైపులుంటే ఉప్పు నీటికి లోపల గార పట్టి పూడిపోయి ఉంటాయి. పైపులన్నీ మార్చే ఖర్చు ధరలోంచి తీసేయాలి. మున్సిపల్ కుళాయి కనెక్షన్ ఇంటి పేరు మీద ఉందా, పన్ను బకాయి లేదా అన్నది కూడా చూసుకోండి.

కింద షట్టర్లు, పైన ఇల్లు?

రోడ్డు వెడల్పుగా, నడిచే జనం ఉన్నచోట ఇదే అన్నిటికంటే బాడుగ తెచ్చే తీరు. లోపలి వీధిలో మాత్రం షట్టరు ఖాళీగా ఉండి తుప్పు పడుతుంది, ఇంటికి వాకిలి అందం కూడా పోతుంది. షట్టర్లకు కరెంటు వాణిజ్య రేటు, ఇంటి పన్ను కూడా వేరే రేటు. ఇంటి ప్లాన్‌తో అనుమతి తీసుకుని షట్టర్లు పెట్టి ఉంటే బ్యాంకు అప్పు దగ్గర బేరం ఆగిపోతుంది.

ప్లాన్‌కు మించి కట్టిన అంతస్తుకు డబ్బు ఇవ్వాలా?

బాడుగ వస్తుంది కాబట్టి ఇవ్వాలని అమ్మేవారు అంటారు. మా సలహా, దానికి కట్టడం విలువ ఇవ్వవద్దు. బ్యాంకు దాన్ని లెక్కలోకి తీసుకోదు, మున్సిపాలిటీ నోటీసు వస్తే బాధ్యత కొన్నవారిదే. మంజూరైన ప్లాన్ కాగితం చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరగండి. గదులు, మెట్లు, చుట్టూ వదిలిన ఖాళీ టేపుతో కొలవండి.

విమానాశ్రయం వచ్చింది, పరిశ్రమలు వస్తున్నాయి. ఓర్వకల్లు వైపు ప్లాటు కొంటే?

ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది, పారిశ్రామిక వాడ పనులూ ఉన్నాయి. కానీ ప్రకటనకు, ప్లాటు పక్కన ఇల్లు లేవడానికి మధ్య ఏళ్లు పడతాయి. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తూ చట్టం వచ్చింది, 2021 నవంబరులో ఆ చట్టాలనే వెనక్కి తీసుకున్నారు. ప్రకటన చూసి పై ధరకు కొన్న ప్లాటును మళ్లీ ఆ ధరకు తీసుకునేవాళ్లు దొరకడానికి ఎంతకాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. అప్పు చేసి అలాంటి ప్లాటు కొనవద్దు.

ప్లాటే కొనాలనుకుంటే పట్టణాభివృద్ధి సంస్థ లేఔట్ అనుమతి చూడండి. 2025కు ముందు వేసిన లేఔట్ అయితే వ్యవసాయేతర మార్పిడి (పొలాన్ని ఇతర వాడకానికి మార్చిన) కాగితం కూడా చూడండి. పంచాయతీ ముద్ర ఉన్న కాగితం లేఔట్ అనుమతి కాదు. ఫామ్ ప్లాటు పేరుతో పొలాన్ని సెంట్ల లెక్కన అమ్మితే అక్కడ ఇంటి ప్లాన్ రాదు, ఇంటి అప్పు రాదు.

ఏ కాగితాలు చూడాలి?

లింకు డాక్యుమెంట్లు (ఇంతకు ముందు చేతులు మారిన పత్రాలు) కనీసం 30 ఏళ్లవి, అదే కాలానికి ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). 1983 నుంచి ఈసీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత పుస్తకాల నుంచి తీయించాలి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో) ఉందేమో చూడాలి. అసైన్డ్ భూముల (ప్రభుత్వం పేదలకు పంచిన భూముల) అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023లో కొన్నిటికి సడలింపు ఇచ్చినా, నిషేధిత జాబితాలో ఉన్న భూమి మీద ఎంత మంచి ఇల్లున్నా కొనకూడదు. పాత ఇళ్లలో ఎక్కువగా తేడా వచ్చేది నోటి మాట భాగాల దగ్గర. అన్నదమ్ములు పంచుకున్నామంటారు, రిజిస్టరైన భాగపరిష్కార పత్రం ఉండదు. ఆ ఇంటి ఆడపిల్లలకు కూడా సమాన హక్కు ఉంది, వాళ్ల సంతకాలు లేకుండా రిజిస్ట్రేషన్‌కు వెళ్లకండి. సంతకం పెట్టని అక్క పదేళ్ల తర్వాత కోర్టుకు వెళ్లినా మీ ఇల్లు వ్యాజ్యంలో పడుతుంది.

రిజిస్ట్రేషన్‌కు, అప్పుకు ఎంత చేతిలో ఉండాలి?

స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1. మొత్తం 7.5 శాతం. మీరు కొన్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువల్లో ఏది ఎక్కువైతే దాని మీద. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి అప్పు రూ.30 లక్షల వరకు విలువలో 90 శాతం, రూ.75 లక్షల వరకు 80 శాతం, ఆ పైన 75 శాతం మించకూడదు. ఆ విలువ కూడా బ్యాంకు కట్టిన విలువే. పాత ఇంటికి మిగిలిన ఆయుష్షు తక్కువైతే వాయిదాల కాలం కూడా తగ్గిస్తారు. ఇంటి అడ్వాన్సు రూ.20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా ఇచ్చిపుచ్చుకోకూడదు, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది.

అమ్మేటప్పుడు పన్ను?

24 నెలలు దాటాక అమ్మితే దీర్ఘకాల లాభం, పన్ను 12.5 శాతం. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లయితే వ్యక్తులు పాత పద్ధతిలో కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు సవరించి 20 శాతం కట్టే వీలుంది, రెండు లెక్కలూ వేసి తక్కువది ఎంచుకోవచ్చు. ధర రూ.50 లక్షలు గానీ ఆ పైన గానీ ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే పట్టుకునే పన్ను) పట్టి కట్టాలి. అదనంగా వేసిన అంతస్తు, మార్చిన పైపులు, వేసిన టైల్స్ బిల్లులు దాచుకోండి. ఇంటిని మెరుగుపరిచిన ఖర్చు లాభంలోంచి తగ్గుతుంది, బిల్లు లేనిది తగ్గదు. ఏటా వేసే సున్నం ఆ లెక్కలోకి రాదు.